ముక్కల మూట: మిగులు గుడ్డలతో ఏం కుట్టుకోవచ్చు?

జాకెట్టు కుట్టించుకున్నప్పుడు మిగిలిన ముక్కను దర్జీని అడిగి మరీ వెనక్కి తెచ్చుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. అలా తెచ్చుకున్న ముక్క మాత్రం మంచం కింద ఉన్న మూటలో చేరి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. గత నెల ఈ శీర్షికలో బొంతల ప్రస్తావన వచ్చిన తరువాత అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ మూటను గురించే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: రెండేళ్లుగా దాచిన ముక్కలను రంగులు చూసుకుని అమర్చి, దివాన్ మీదకు దుప్పటి కుట్టాను. కుట్టిన రోజున అందరూ మెచ్చుకున్నారు. మొదటి ఉతుకుకే కొన్ని గళ్లు ముడుచుకుపోయాయి, కొన్ని ఉబ్బాయి, ఒక ఎర్ర ముక్క రంగు పక్కనున్న తెల్ల ముక్కలకు అంటింది. నాలుగు చోట్ల కుట్టు కూడా విడిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
(గృహిణి, తెనాలి)

జవాబు: పొరపాటు మీ కుట్టులో కన్నా మీరు ముక్కలను ఏరిన పద్ధతిలో ఉంది. రంగును చూసి ఏరారు; గుడ్డను చూసి ఏరి ఉండవలసింది. నూలు ముక్క నీటిలో తడిస్తే కొంత కుదించుకుపోతుంది, పాలియెస్టర్ ముక్క దాదాపు కుదించుకుపోదు. ఈ రెండింటినీ పక్కపక్కన కుట్టినప్పుడు నూలు గడి లోపలికి లాగుతుంది, పాలియెస్టర్ గడి పోయేందుకు చోటు లేక ఉబ్బుతుంది. మీ దుప్పటిలో జరిగింది ఇదే. ‘అతుకుల బొంత’ అన్న మాటను పొందిక లేని ప్రతిదానికీ తిట్టుగా వాడుతున్నాము గాని, అసలు బొంతలు కుట్టిన మన ముసలమ్మలు ఈ సంగతి తెలిసినవారే. వారు ఎక్కువగా వాడినది ఉతికి ఉతికి ఇక కుదించుకుపోవడానికి ఏమీ మిగలని పాత నూలు చీరలనే.

ఏ ముక్క ఏ గుడ్డో తెలియనప్పుడు కాల్చి చూడడం కన్నా నమ్మదగిన పరీక్ష ఇంట్లో మరొకటి లేదు. ముక్క అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పురి పెట్టి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, చివర మిగిలిన నల్లని పూస చల్లారాక వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టరైతే మంటకు దూరంగా ముడుచుకుంటూ కరిగి, చల్లారిన తరువాత గోరుతో నొక్కినా చితకని గట్టి పూసగా మారుతుంది. బూడిదా గట్టి పూసా రెండూ కలిసి కనిపిస్తే అది టెరికాటన్ వంటి కలగలుపు గుడ్డ అని అర్థం. ఇలా చూసి నూలు, పట్టు, కృత్రిమ గుడ్డలు అని మూడు మూటలు కట్టుకుంటే సగం పని అయిపోయినట్లే; రంగుల ముచ్చట ఆ తరువాత, ఒక్కొక్క మూటలో విడివిడిగా తీర్చుకోవచ్చు.

నూలు ముక్కలను కుట్టడానికి ముందే ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేయండి. ముదురు రంగు ముక్కలను మాత్రం విడిగా నానబెట్టి, తడిగా ఉండగానే తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. తెల్లగుడ్డకు రంగు అంటితే, అంటడం మానేదాకా ఉతకండి, మానకపోతే ఆ ముక్కను వదిలేయండి. ఉప్పునీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. గుడ్డకు రంగు అద్దేటప్పుడు రంగునీటిలో ఉప్పు వేయడానికి కారణం ఉంది గాని, అద్దకం ముగిసి బజారుకు వచ్చిన గుడ్డను ఉప్పునీటిలో ముంచినంత మాత్రాన కారే రంగు ఆగదు.

కుట్టు విడిపోవడానికి కారణం వేరు. మీరు గుడ్డ అంచు నుంచి పావు అంగుళం మాత్రమే వదిలి కుట్టి ఉంటారు. దట్టమైన మిల్లు గుడ్డకు అది సరిపోతుంది. నేత వదులుగా ఉన్న ముక్క అయితే అంచు పోగులు జారి, కుట్టు నిలవడానికి గుడ్డే మిగలదు. అటువంటివాటికి అర అంగుళం వదలండి. నాలుగు అంగుళాల గడి కావాలంటే అయిదు అంగుళాల చదరం కత్తిరించాలన్నమాట. ఒక పాత అట్టపెట్టె నుంచి అయిదు అంగుళాల అట్టను కోసి పెట్టుకుని, దాని అంచు గుడ్డ పడుగు పోగులకు (నేతలో నిలువుగా ఉండే పోగులకు) సమాంతరంగా ఉండేలా ఉంచి గీత గీయండి. ముక్కకు నేత అంచు మిగలక, పడుగు ఏదో తెలియకపోతే రెండు వైపులా లాగి చూడండి, తక్కువ సాగేది సాధారణంగా పడుగు వైపు. గుడ్డ ఏటవాలుగా లాగినప్పుడే ఎక్కువగా సాగుతుంది కనుక, పోగులను పట్టించుకోకుండా కోసిన గడి చదరంగా కనిపించినా కుట్టేటప్పుడు వంకర పోతుంది.

ఇప్పుడు కుట్టిన దుప్పటిని పారవేయకండి. ముడుచుకున్న గళ్లను విప్పవద్దు. వాటి మీద, ఉతికి ఆరిన నూలు ముక్కను నాలుగు వైపులా లోపలికి మడిచి హెమ్మింగ్ చేయండి. రంగు అంటిన గళ్లకూ, విడిపోయిన కుట్లకూ ఇదే ఉపాయం పనికివస్తుంది. మొదట అనుకున్న అందం రాదు గాని, దివాన్ మీద పరవడానికి ఏ లోటూ ఉండదు.

ప్రశ్న: ఫ్రిజ్ నీళ్లు పడక, ఈ వేసవికి మట్టికుండ కొన్నాము. అడుగు గుండ్రంగా ఉండి గట్టు మీద నిలవడం లేదు. ప్లాస్టిక్ రింగు పెడితే జారుతున్నది. నాకు మిషను లేదు, కుట్టు కూడా అంతంత మాత్రమే. గుడ్డ ముక్కలతో ఏదైనా చేసుకోగలనా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు)

జవాబు: మీరు అడుగుతున్నది చుట్టకుదురు. గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్టి, బిందె ఎత్తుకునేటప్పుడు నెత్తిన, దించిన తరువాత కుండ కింద పెట్టుకునేవారు. స్టీలు బిందెలకు చదును అడుగులు వచ్చాక దాని పని పోయింది. మట్టికుండ మళ్లీ వంటింటికి వచ్చింది కనుక ఇదీ రావలసిందే. దీనికి కావలసినవి ఒక పెద్ద సూది, గట్టి దారం, ఒక పాత నూలు పంచె లేదా తువ్వాలు, చేతికి అందిన ముక్కలు మాత్రమే.

ముందుగా కుండ కింద ఒక గిన్నె పెట్టి, నిలబడిన తరువాత కుండ అడుగు గిన్నె అంచును ఎక్కడ తాకుతున్నదో చూడండి. చుట్టకుదురు లోపలి ఖాళీ ఆ గిన్నె మూతి వెడల్పు కన్నా ఒక అంగుళం తక్కువ ఉండాలి. రెండు లీటర్ల చిన్న కుండకు నాలుగు అంగుళాలు, పది లీటర్ల కుండకు ఆరేడు అంగుళాలు కావలసివస్తుంది. పాత పంచెను పొడవునా మడిచి, గట్టిగా పురి పెడుతూ బొటనవేలి కన్నా కాస్త లావైన తాడులా చేయండి. ఇంకొకరు ఒక చివర పట్టుకుంటే పురి బాగా బిగుస్తుంది. ఆ తాడును కొలుచుకున్న వెడల్పుకు ఉంగరంలా చుట్టి, దాని మీదనే మరి రెండు చుట్లు చుట్టి, ప్రతి రెండు అంగుళాలకు ఒకసారి దారంతో కట్టివేయండి. ఇది లోపలి గట్టిదనం.

తరువాత మిగులు ముక్కలను రెండు అంగుళాల వెడల్పు పేలికలుగా చింపండి. కత్తిరించడం కన్నా చింపడమే మేలు, పోగు వెంట తిన్నగా వస్తుంది. ఒక పేలిక కొసను ఉంగరానికి కుట్టి, ఉంగరం లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి తిప్పుతూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టుకుంటూ వెళ్లండి. పేలిక అయిపోతే దాని కొస మీద కొత్తదాని కొసను పెట్టి నాలుగు కుట్లు వేసి కొనసాగించండి. చుట్టేటప్పుడు లాగి చుట్టాలి. మీరు వదులుగా చుడితే వారం రోజుల్లో కుండ బరువుకు అది అణగి, కుండ ఒక పక్కకు ఒరుగుతుంది. చివరి కొసను కింది వైపున దాచి కుట్టండి. మట్టికుండ చెమ్మగిల్లుతుంది కనుక చుట్టకుదురు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. రెండు చేసుకుని రోజు విడిచి రోజు మార్చి, తీసినదానిని ఎండలో పెట్టకపోతే ముక్కిపోయిన వాసన వస్తుంది. పాలియెస్టర్ పేలికలు వాడకండి, అవి జారుతాయి. ప్లాస్టిక్ రింగుతో మీరు పడిన బాధే మళ్లీ పడతారు.

ప్రశ్న: శ్రావణ మాసంలో, పేరంటాలలో వచ్చిన జాకెట్టు ముక్కలు మా ఇంట్లో నలభై దాకా ఉన్నాయి. ఎవరూ కుట్టించుకోరు. వరలక్ష్మీ వ్రతానికి ముప్పై మందికి తాంబూలం ఇవ్వాలి. వీటితో చిన్న సంచులు కుట్టవచ్చా? ఎన్ని ముక్కలు పడతాయి?
(గృహిణి, రాజమహేంద్రవరం)

జవాబు: తప్పక కుట్టవచ్చు, నాలుగు ముక్కలు చాలు. ఈ పేరంటపు జాకెట్టు ముక్కలు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి, అక్కడి నుంచి ఇంకొక ఇంటికి తిరిగి, ఒక్కొక్కసారి ఇచ్చినవారి ఇంటికే తిరిగి చేరడం మనందరికీ తెలిసిన సంగతే. సంచిగా మారితే ఆ తిరుగుడైనా ఆగుతుంది.

జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్ల పొడవు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు ఉంటుంది. వెడల్పు 36 అంగుళాలు అనుకుందాము. తొమ్మిది అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల పొడవు ముక్కలుగా కోస్తే వెడల్పున నాలుగు, పొడవున రెండు, మొత్తం ఎనిమిది వస్తాయి. నాలుగు జాకెట్టు ముక్కలకు ముప్పై రెండు సంచులు. నాడాలకు అయిదో ముక్కను వాడుకోవచ్చు, లేదా రంగు తాడు కొనుక్కోవచ్చు.

కోసిన ముక్కను మంచి వైపు లోపలికి వచ్చేలా సగానికి మడవండి. మడత అడుగున, రెండు పొట్టి అంచులు పైన ఉండాలి. రెండు పక్కలా అర అంగుళం వదిలి, అడుగు నుంచి పైకి కుట్టుకుంటూ వచ్చి, పై అంచుకు రెండుంపావు అంగుళాల దూరంలో ఆపి కుట్టును ముడివేయండి. కుట్టని ఆ భాగపు అంచులను అర అంగుళం లోపలికి మడిచి, నాలుగు వైపులా సన్నగా కుట్టండి. ఇప్పుడు పై అంచును ముందు పావు అంగుళం, తరువాత ఒక అంగుళం మడిచి, మడత కింది అంచు వెంట కుట్టు వేయండి. ముందు వైపుకు ఒకటి, వెనుక వైపుకు ఒకటి చొప్పున నాడా దూర్చే రెండు గొట్టాలు ఏర్పడతాయి. ఇరవై రెండు అంగుళాల నాడాలు రెండు తీసుకుని, ఒకదానిని కుడి పక్క నుంచి దూర్చి సంచి చుట్టూ తిప్పి కుడి పక్కనే బయటికి తీసి ముడివేయండి. రెండోదానిని ఎడమ పక్క నుంచి అలాగే చేయండి. రెండు ముళ్లనూ చెరొక వైపు లాగితే సంచి మూతి మూసుకుంటుంది. పిన్నీసు తలకు నాడాను గుచ్చి దూర్చితే పని తొందరగా అవుతుంది.

ఈ కొలత సంచిలో ఆకు, వక్క, పసుపు కుంకుమల పొట్లాలు, ఒక చిన్న బహుమతి పడతాయి, కొబ్బరికాయ పట్టదు. కొబ్బరికాయ కూడా పెట్టాలనుకుంటే పన్నెండు, ఇరవై అంగుళాల ముక్క కావాలి. అప్పుడు ఒక్కొక్క జాకెట్టు ముక్కకు మూడు సంచులే వస్తాయి కనుక ముప్పై మందికి పది ముక్కలు పడతాయి. మీ దగ్గర నలభై ఉన్నాయి, బెంగ లేదు. ఒకటి మాత్రం మనవి. అద్దాలు, పూసలు, కుచ్చులు కుట్టే పని పెట్టుకోకండి. సంచికి అరగంట పట్టే అలంకరణ ముప్పై సంచులకు పదిహేను గంటలవుతుంది, వ్రతం నాటికి మీ ఓపిక అయిపోతుంది.

ప్రశ్న: మా అత్తగారి ధర్మవరం పట్టుచీర మడతల వెంట చిరిగింది. కొంగునూ అంచునూ కోసి దిండు గలీబులు కుట్టాలని ఉంది.
(బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం)

జవాబు: కత్తెర పట్టే ముందు జరీ ఎలాంటిదో తెలుసుకోండి. పాత పట్టుచీరల అసలు జరీలో పట్టుపోగు మీద సన్నని వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత ఇస్తారు. అటువంటి చీరను జరీ కొనేవారు పరీక్ష చేసి తూకానికి తీసుకుంటారు, కోసిన తరువాత ఆ ధర రాదు. ఉంచుకోవాలనే నిర్ణయించుకుంటే, ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్నచోట పట్టు పెళుసుబారి ఉంటుంది కనుక మడత గీతలను వదిలి ముక్కలను తీసుకోండి. వెనుక వైపున, ఇస్త్రీ వేడికి అంటుకునే పలుచని ఫ్యూజింగ్ గుడ్డను మధ్యస్థపు వేడితో, మధ్యలో ఒక నూలుగుడ్డ అడ్డం పెట్టి అంటించకుండా పాత పట్టును కుట్టవద్దు. సూది పడిన రంధ్రాల వెంటే చిరుగుతుంది. తల ఆనించుకునే దిండుకు జరీ గుచ్చుకుంటుంది. సోఫా మీద అలంకారంగా పెట్టుకునే దిండుకో, గోడకు తగిలించే చట్రానికో అయితే మీ అత్తగారి చీర ఇంకొన్నేళ్లు కనిపిస్తుంది.

ప్రశ్న: కోడలికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు పాత నూలు చీర ముక్కలతో ఆవాల దిండు, పక్కబొంత కుడదామనుకుంటే, అబ్బాయి దిండు వద్దంటున్నాడు. మా పిల్లలందరూ ఆవాల దిండు మీద పెరిగినవారే.
(ఒక నాయనమ్మ, నల్లగొండ)

జవాబు: ఈ విషయంలో మీ అబ్బాయి మాటే వినండి. ఏడాది నిండని బిడ్డ పడుకునే చోట దిండు గాని, మెత్తని బొంత గాని, వదులుగా ఉండే దుప్పటి గాని ఉండకూడదనీ, ముఖానికి అడ్డం పడితే ఊపిరి ఆడదనీ పిల్లల వైద్యులు చెబుతున్నారు. తల ఆకారం గురించి బెంగ ఉంటే టీకాలకు వెళ్లినప్పుడు వైద్యుణ్ణి అడగండి.

మీ చేతికి పని లేకుండా పోలేదు. బిడ్డకు నూనె రుద్దేటప్పుడు కింద పరచుకునేందుకు రెండు మూడు పొరల బొంత కావాలి. బిడ్డ మేలుకుని, పెద్దవారు పక్కన ఉన్నప్పుడు దాని మీద పడుకోబెట్టవచ్చు. పొత్తిగుడ్డలు ఎన్ని ఉన్నా చాలవు. మెత్తబడిన నూలు చీరను 36 అంగుళాల చదరాలుగా కోసి, అంచులను సన్నగా మడిచి కుట్టండి. ఎన్నో ఉతుకులు తిన్న గుడ్డ బిడ్డ ఒంటికి హాయి. చొంగ తుడిచే గుడ్డలు ఎనిమిది అంగుళాల చదరంలో ఒక డజను కుట్టి ఉంచండి. బిడ్డ వాడే దేనికీ గుండీలు, అద్దాలు, పూసలు, మెడకు కట్టే నాడాలు పెట్టకండి. కుట్టు ముగిసిన తరువాత ప్రతి గుడ్డనూ వెలుతురులో పట్టుకుని, సూదిగాని గుండుసూదిగాని ఉండిపోయిందేమో తడిమి చూడండి.

ప్రశ్న: మా అమ్మగారు పోయిన తరువాత ఆమె నూలు చీరలు పన్నెండు నాతో తెచ్చుకున్నాను. అక్కచెల్లెళ్లం, పిల్లలు కలిపి తొమ్మిది మందిమి. అందరికీ తలా ఒక బొంత వచ్చేలా కుట్టగలనా? ఇక్కడి ఇళ్లలో వేడి బాగా ఉంటుంది, మరీ దళసరి అక్కరలేదు.
(ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: లెక్క మీకు సరిగ్గా కుదిరింది. చీర అయిదున్నర మీటర్ల పొడవు, దాదాపు 115 సెంటీమీటర్ల పన్నా ఉంటుంది. పొడవును మూడుగా కోస్తే ఒక్కొక్కటి 1.8 మీటర్లు. ఒక మనిషి కప్పుకోవడానికి చాలిన కొలత అది. పన్నెండు చీరలకు ముప్పై ఆరు పొరలు వస్తాయి, బొంతకు నాలుగు పొరల చొప్పున తొమ్మిది బొంతలు. నాలుగు పొరల కన్నా మించితే చేతిసూది దిగడం కష్టం కూడాను. చిరిగిన, వెలిసిన ముక్కలను లోపలి పొరలకు వాడి, అమ్మగారిని తలపించే అంచూ కొంగూ పైకి వచ్చేలా చూసుకోండి. ప్రతి బొంతలోనూ ఆమె ఎక్కువగా కట్టిన చీర ముక్క ఒక్కటైనా ఉంటే పంపకాలలో మాట రాదు.

నేల మీద పొరలను ఒకదాని మీద ఒకటి ముడత లేకుండా పరచి, నడిమి నుంచి అంచులకు, జానెడు దూరంలో వరుసలుగా కచ్చా కుట్టు (పొరలు జరగకుండా తాత్కాలికంగా వేసే పొడుగు కుట్టు) వేయండి. ఇది విసుగు పుట్టించే పని, కాని మానితే కింది పొర జరిగి చివరకు ఒక మూల సంచిలా వేలాడుతుంది. అంచులను లోపలికి మడిచి కుట్టిన తరువాత, ఒక అంగుళం ఎడంతో పోగుకుట్టు (సూది కిందికీ పైకీ పోతూ వేసే మామూలు కుట్టు) వరుసలు వేయండి. మన ఊళ్లలో పొడవునా తిన్నగా కుట్టేవారు ఎక్కువ. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీ తెగ స్త్రీలు తమ బొంతను, అంటే కౌదిని, ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న గుడ్డలను పువ్వుల్లా కుట్టనిదే అది పూర్తయినట్లు వారు ఒప్పుకోరు. మీకు ఏది చేతికి వస్తే అది కుట్టండి.

మిషను మీద కుట్టడానికి అభ్యంతరం లేదు. 16 నెంబరు సూది వేసి, కుట్టు పొడవును మూడు మిల్లీమీటర్లకు పెంచండి. తొమ్మిదీ చేతితోనే కుట్టాలని మాత్రం పట్టుపట్టకండి. రోజుకు ఒక గంట కూర్చున్నా ఒక్క బొంతకు వారాలు పడుతుంది. ఒకటి చేతితో కుట్టి, మిగతావి మిషను మీద కుట్టుకోండి. లేదా కచ్చా కుట్టు వేసిన వాటిని తలా ఒకటి పంపితే ఎవరి బొంతను వారు కుట్టుకుంటారు.

ప్రశ్న: పాత జీన్స్‌తో, దర్జీ ముక్కలతో సంచులు కుట్టి అమ్ముదామనుకుంటున్నాను. అతుకుల దగ్గర సూది విరుగుతున్నది. ఇది గిట్టుబాటు అవుతుందా?
(డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: అతుకు మీద నాలుగైదు మడతలు ఒకచోట చేరినప్పుడు సూది విరుగుతుంది. 18 నెంబరు సూది వాడండి, ఆ అతుకును ముందుగా గుడ్డ కప్పి సుత్తితో కొట్టి అణచండి, అక్కడికి వచ్చినప్పుడు కాలితో తొక్కడం మాని చక్రాన్ని చేతితో తిప్పండి. సంచి చెవులను అంచు మడతకు కుట్టి వదిలేస్తే అయిదు కిలోల కూరగాయలకే ఊడివస్తాయి. చెవి కొసను రెండు అంగుళాలు సంచి మీదకు దించి, చుట్టూ చదరంగా కుట్టి, దానిలో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా రెండు కుట్లు వేయండి.

గిట్టుబాటు సంగతి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులు నిషేధం కనుక గుడ్డ సంచికి అవసరమైతే ఉంది. కాని ముక్కలు అతికిన సంచికి, ఒకే గుడ్డతో కుట్టిన సంచికి పట్టే సమయంలో తేడాను ముందు మీరే కొలుచుకోండి. ఒక సంచికి గంటన్నర పడితే, ఆ గంటన్నరకు మీరు ఆశించే కూలి, దారం, చెవుల పట్టీ ఖర్చు కలిపి ధర వేయండి. ఆ ధరకు మీ వీధిలో ఎవరూ కొనరనిపిస్తే, సంచి మొత్తం జీన్స్‌తో కుట్టి, జేబు ఒక్కటే రంగు ముక్కలతో వేయండి. చూపుకు తేడా పెద్దగా రాదు, పని సగానికి తగ్గుతుంది. మొదట పది కుట్టి, తెలిసినవారికి అమ్మి, నెల తరువాత వాటి చెవులు ఎలా ఉన్నాయో అడగండి.

ప్రశ్న: అన్నీ కుట్టాక మిగిలే వేలెడంత ముక్కలను ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: నూలువైతే గోరంత ముక్కలుగా కత్తిరించి సూదిదిండులో కూరండి, మరీ చిన్నది కాకుండా గుప్పెడంత దిండుకు రెండు దోసిళ్ల ముక్కలు పడతాయి. పొయ్యి మీది గిన్నెలు దించే మసిగుడ్డలో పొరగా కూడా పరవవచ్చు, కాని వాటిలో ఒక్క పాలియెస్టర్ ముక్క ఉన్నా వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది కనుక తెనాలి పాఠకురాలికి చెప్పిన కాల్చే పరీక్ష చేయకుండా ఆ పని చేయకండి. మిగిలిన కృత్రిమ ముక్కలు కాళ్లు తుడుచుకునే పట్టా లోపల పొరగా వేయడానికి పనికివస్తాయి.